బళ్ళారి దిక్కు నుంచి లేచే మబ్బు రాడార్‌కు అందడం లేదు

కేంద్ర భూవిజ్ఞాన శాస్త్ర శాఖ మంత్రి గారికి నమస్కారం.

అయ్యా, నేను ఆదోని మార్కెట్ యార్డులో గుమస్తాను. ఎండాకాలంలో యార్డు నిండా శెనక్కాయల రాసులే. మధ్యాహ్నం 3 దాటిందంటే నాకు ఒక కన్ను కాటా మీద ఉంటుంది, ఇంకో కన్ను ఫోన్‌లో వాతావరణ శాఖ పెట్టే హైదరాబాద్ రాడార్ బొమ్మ మీద ఉంటుంది. నిరుడు మే నెలలో ఒక రోజు ఆ బొమ్మలో మా వైపు ఏమీ లేదు. నింపాదిగా టీ తాగుతున్నాం. ఇంతలో బళ్ళారి దిక్కున నల్లగా లేచింది. హమాలీలు పట్టలు కప్పేలోపే ఈదురుగాలి వచ్చి, కప్పిన పట్టల్ని కూడా ఎత్తుకుపోయింది. వెనకే వాన. తడిసిన కాయకు ధర ఏం పలుకుతుందో రైతును అడిగితే చెబుతాడు.

బొమ్మ ఎందుకు ఖాళీగా ఉందో అప్పటి నుంచి తెలుసుకుంటూ వచ్చాను. ఆ బొమ్మ, హైదరాబాద్ రాడార్ ఉన్న బేగంపేట చుట్టూ 250 కిలోమీటర్ల వలయం. ఆదోని అక్కడికి తిన్నగా కొలిస్తే దాదాపు 240. అంటే మేం వలయం అంచున వేలాడుతున్నాం. బళ్ళారి వలయం బయటే ఉంది. మా మీదికొచ్చే మబ్బు, బొమ్మలోకి రాకముందే మా నెత్తిన పడుతుంది.

అంచు లోపల ఉన్నా పెద్ద లాభం లేదని తర్వాత అర్థమైంది. రాడార్ అన్నిటికన్నా కింది కిరణాన్ని కూడా నేలకు అర డిగ్రీ ఎత్తి వదులుతారు. కిరణం దాదాపు తిన్నగా పోతుంది, భూమేమో కింద వంగిపోతుంది. 100 కిలోమీటర్ల దగ్గర కిరణం నేలకు కిలోమీటరున్నర ఎత్తులో ఉంటే, మా దగ్గరికి వచ్చేసరికి దాని నడిమి భాగం 5 కిలోమీటర్ల పైన ఉంటుంది. పైగా టార్చిలైటు వెలుగులా పరుచుకుని 4 కిలోమీటర్ల మందం అవుతుంది. మబ్బు నడుములో వడగళ్ళు కడుతుంటే కనబడవచ్చు. కానీ పట్టలు ఎత్తుకుపోయే గాలి పుట్టేది మబ్బు అడుగున. వానతో పాటు చల్లగాలి దబ్బున కిందికి పడి, నేలకు తగిలి నలుదిక్కులా పరుగెడుతుంది. ఆ పరుగు మొత్తం కిరణం కిందే అయిపోతుంది.

ఇక్కడే డాప్లర్ సంగతి కూడా చెప్పాలి. తమకు తెలియనిదని కాదు, ఈ ఉత్తరం మా యార్డులో వాళ్ళూ చదువుతారని. పాత రాడార్ వాన ఎంత ఉందో చెప్పేది. డాప్లర్ రాడార్, చినుకుల మీద తగిలి తిరిగొచ్చే తరంగంలో మార్పును బట్టి అవి దగ్గరికొస్తున్నాయా దూరం పోతున్నాయా, ఎంత వేగంతో అనేది కూడా చెబుతుంది. మా స్టేషన్‌లో ఆగకుండా పోయే గూడ్సు కూత, బండి దాటగానే దిగిపోయినట్టు. అయితే కిరణానికి అడ్డంగా పోయే గాలి దానికి కదలనట్టే కనబడుతుంది. ఇంకో చోటి నుంచి ఇంకో రాడార్ చూస్తే తప్ప గాలి అసలు దారి తేలదు. రాడార్ల వల అనేది అందుకే. వలలో కన్ను తెగితే చేప పోయేది అక్కడి నుంచే కదా.

తీరానికి ముందు పెట్టారని నాకు కుళ్ళు లేదు. 1977 నవంబరు 19న దివిసీమలో 10 వేల మంది దాకా పోయారు. వాతావరణ శాఖ తొలి డాప్లర్ రాడార్ 2002లో చెన్నైలో పెట్టడం, తర్వాత మచిలీపట్నం, విశాఖల్లో పెట్టడం న్యాయమే. కానీ తుపాను ముందే పేరు పెట్టించుకుని మరీ వస్తుంది. మా మబ్బుకు పేరుండదు, ఆయుష్షు గంటో గంటన్నరో. పిడుగు పడి పొలంలో ఒకరు, చెట్టు కింద ఇద్దరు పోతారు. మర్నాడు జిల్లా పేజీలో రెండు అంగుళాల వార్త.

2024 సెప్టెంబరులో కేంద్రం, వాతావరణ అంచనాలను మెరుగుపరిచే మిషన్ మౌసమ్ పథకానికి 2,000 కోట్లు ఒప్పుకుంది. కొత్త రాడార్లు కూడా అందులో ఉన్నాయి. అడిగేది ఒక్కటే. కర్నూలు జిల్లా పడమర, బళ్ళారి, రాయచూరు కలిసే ఈ మూల ఒక చిన్న ఎక్స్ బ్యాండ్ రాడార్ పెట్టించండి. దాని తరంగం 3 సెంటీమీటర్లే, గట్టి వానలో నీరసించిపోతుందని తెలుసు. హైదరాబాద్‌లోని 10 సెంటీమీటర్ల పెద్ద రాడార్ పై భాగం చూసుకుంటుంది. చిన్నది 100 కిలోమీటర్ల లోపు అడుగు భాగం చూస్తే చాలు. రెండు బొమ్మలూ కలిపి ఒకే బొమ్మగా ఫోన్‌లోకి ఇప్పించండి. మబ్బు 40 కిలోమీటర్ల అవతల ఉన్నప్పుడు తెలిస్తే మాకు అరగంట చిక్కుతుంది. యార్డులో ఉన్న రాసులన్నిటికీ పట్టలు కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టడానికి మా హమాలీలకు పట్టేది 20 నిమిషాలు.

ఇట్లు,
ఆదోని యార్డు గుమస్తా