మక్తల్ అన్నకు, ఇంకా కొందరికి

నిన్న రాత్రి పదకొండింటికి అమ్మను దేవరకొండకు తీసుకొచ్చినం. కండ్లు మండుతున్నయి గానీ నిద్ర పడ్తలేదు. రెండు డోసులైనంక తీసిన ఎమ్మారైలో అమ్మ మెదడుల గడ్డ బాగా తగ్గిందట. "నయమైందనుకోకండి, ఇంకా మొదట్లనే ఉన్నం" అని డాక్టరమ్మ గట్టిగనే చెప్పింది. అయినా పొద్దున అమ్మ బర్రెను పేరు పెట్టి పిలిచింది. మూడు నెలల కింద నా పేరే మరిచిపోయిన మనిషి.

జబ్బు మెదడులో లింఫోమా, అంటే ఒక తీరు క్యాన్సర్. మామూలుగా దీనికి మెథోట్రెక్సేట్ అనే కీమో పెద్ద డోసుల ఎక్కిస్తరు. ఎక్కించినప్పుడల్లా ఆస్పత్రిలనే ఉండి, సెలైన్లు పెట్టించుకుంటూ, మందు రక్తంలకెల్లి దిగేదాకా ఆగాలె. అమ్మకు 68 ఏండ్లు, షుగరుతో కిడ్నీలు నీరసించినయి, తట్టుకోదన్నరు. కీమో లేకుండ, రిటుక్సిమాబ్ సెలైన్ల ఎక్కించి, ఇబ్రుటినిబ్, లెనలిడోమైడ్ గోలీలు మొదటి నుంచే కలిపి ఇచ్చి, ఎట్ల పనిజేస్తయో చూసే ట్రయల్ ఒకటి ఉందని చెప్పిండ్రు. కిడ్నీలను బట్టి లెనలిడోమైడ్ తగ్గించి ఇస్తమన్నరు.

అమ్మకు చదువు రాదు. అసొంటప్పుడు ఒప్పుకోలు కాగితాలు చదివి చెప్తుంటే, ట్రయల్‌తోని సంబంధం లేని మనిషి ఒకరు సాక్షిగ కూసోని అంతా వినాలంట. ఇంటోళ్లు కాకుండ బయటి మనిషిని తెమ్మన్నరు. వరండాల ముగ్గురిని అడిగిన. సంతకం అనంగనే ముగ్గురూ మొకం తిప్పుకున్నరు. నాలుగో ఆయన, మెడల తుండు, మక్తల్ సైడు మనిషి. తమ్మునికి తలకాయ ఆపరేషనై ఐసీయూల ఉన్నడు. "పా, పోదాం" అన్నడు, అంతే.

రెండు గంటలు కూసున్నడు. ప్రతి కాగితం కాడ ఆపిండు. ఆ కాగితాల తెలుగు ఎవరి తెలుగో! 'ప్రతికూల సంఘటన' అంటే మందు తీసుకుంటున్నప్పుడు వచ్చే ఇబ్బంది అని మా అమ్మకేం ఎరుక? ఆయన అడిగిండు: "మందు పడకపోతే ఈమెను ఇడిసిపెడ్తరా? నడిమిట్ల వద్దంటే? పానం మీదికొస్తే ఖర్చెవలిది?" ఎప్పుడైనా బయటికి రావచ్చు, మామూలు వైద్యం ఆగదు, మందు వల్ల హాని జరిగితే వైద్యం వాళ్లదే అని చెప్పిండ్రు. రక్తం కారుడు, గడ్డకట్టుడు, ఊపిరితిత్తులల్ల ఫంగస్... ఇవన్నీ ఆయన అడిగినంకనే నాకు సమజైనయి.

ఆఖరికి అమ్మ దిక్కు తిరిగి, "అమ్మా, ఇది నీ తలకాయ. నీకిష్టముంటేనే ఏలు పెట్టు. కొడుకు మొకం చూసి పెట్టకు" అన్నడు.

నేను బయటికొచ్చి గోడకానుకొని ఏడ్చిన. మూడు రోజుల సంది నేనే అమ్మను ఒప్పుకో ఒప్పుకో అని సతాయిస్తున్న. అమ్మను అడగాలన్న సోయి నాకు లేకపాయె.

లోపల అమ్మ, "నువ్వే నా కొడుకువైతే ఏం జేస్తవు బిడ్డా?" అని అడిగిందట. "నేను చెప్పొద్దంట గదమ్మా" అన్నడట. అమ్మ నవ్వి ఏలిముద్ర పెట్టింది.

చాయ్ తీస్కొని పోయేసరికి బెంచీ ఖాళీ. కాగితం మీద ఆయన పేరుంది, అడగకుండ ఇక్కడ రాయను.

అన్న, వదిన, మా ఇంటామె, మీకు చెప్పేదేముంది.

ఒక్క మాట మాత్రం మింగలేకపోతున్న. మొదట చూపించిన కాడ స్కాన్ల గడ్డ కనవడంగనే స్టెరాయిడ్ మొదలుపెట్టిండ్రు. లింఫోమా అనుమానముంటే, పానానికి ముప్పు లేనప్పుడు, పరీక్షకు గడ్డల ముక్క తీసేదాకా స్టెరాయిడ్ ఇయ్యకుండ ఆగాలంట. ఆ స్టెరాయిడ్‌తోని గడ్డ కరిగి, సూది పెట్టి తీసిన ముక్కల ఏం దొరకలే. మళ్ల ఇంకో బొక్క, ఇంకో బిల్లు, మూడు వారాలు. ఎవలూ తప్పయిందనలే. ట్రయల్ల మందులు ఫ్రీ, నిజమే. ఆస్పత్రి కాడ గది కిరాయి ఎవలిస్తరు?

అరే, మరిచిన. మొదటి రిటుక్సిమాబ్‌కు అమ్మ చలితోని వణికితే సెలైన్ ఆపి, దుప్పటి కప్పి, రాత్రంతా పక్కనే ఉన్న నర్సమ్మకు దండం. ఎంజీబీఎస్ కాడ అమ్మను ఎత్తుకొని బస్సెక్కించిన కండక్టర్ సారుకు. ఉద్దెర రాసుకున్న మెడికల్ షాపు తమ్మునికి, వచ్చే నెల తీరుస్త. బర్రె పాలు పిండిన పక్కింటి అత్తకు గూడ, లేకుంటే పొద్దున అమ్మ పిలువనీకె అది ఉండకపోవు.

మక్తల్ దిక్కోళ్లు ఎవరన్న ఇది చదివితే, తమ్ముని కోసం ఐసీయూ ముందర కూసున్న ఆ అన్న తెలిస్తే, తమ్ముడు ఎట్లున్నడో అడిగి నాకు చెప్పుండ్రి.