రేకు నిలవలేదు, బండి ఆపేశారు

సంపాదకుడు గారికి,

నమస్కారం. జపాన్ తన సైన్యానికి ఎనిమిది చక్రాల కవచ వాహనాన్ని ఫిన్లాండ్ కంపెనీ దగ్గర ఎంచుకున్న సంగతి ఈమధ్య ఒక చర్చలో వచ్చింది. "ప్రపంచానికంతా కార్లు అమ్మే దేశానికి ఒక మిలటరీ బండి చేతకాలేదా?" అని అక్కడ ఒకాయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఉక్కు ప్లేట్ల తనిఖీలో 28 ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి, నాకు ఆ కథ వేరుగా కనిపించింది.

జపాన్ భూతల ఆత్మరక్షణ దళం ఇన్నాళ్లూ వాడింది కొమాట్సు కంపెనీ చేసిన టైప్ 96 అనే ఎనిమిది చక్రాల కవచ వాహనం. పేరులోనే ఉంది, 1996 నాటిది. బరువు 14.5 టన్నులు, నడిపేవాళ్లతో కలిపి పది మంది ఎక్కవచ్చు, మంచి రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్లు పోతుంది. వెడల్పు 2.48 మీటర్లే. రెండున్నర మీటర్లు దాటిన బండికి అక్కడి రోడ్ల మీద ప్రత్యేక అనుమతి కావాలి, అందుకని ఆ కొలతలో ఇమిడ్చారు. ఇరాక్‌లోని సమావాకు 2004లో వెళ్లిన జపాన్ బలగాలు వీటినే తీసుకెళ్లాయి.

దీని స్థానంలోకి రావాల్సిన కొత్త బండి నమూనాను కూడా కొమాట్సే తయారుచేసి 2017 జనవరిలో అప్పగించింది. ఆ ఏడాది పోకముందే గుట్టు బయటపడింది. తూటాను ఆపాల్సిన ప్లేట్లు ఒకటున్నట్టు ఇంకోటి లేవు. 2018లో రక్షణ శాఖ ఆ ప్రాజెక్టునే రద్దు చేసింది.

ఒకటున్నట్టు ఇంకోటి లేకపోవడమంటే ఏమిటో మా పనివాళ్లకు బాగా తెలుసు. ఒకే ఫర్నేస్, ఒకే రకం ఉక్కు, అయినా చల్లార్చేటప్పుడు కాస్త తేడా వస్తే ఒక ప్లేటు గట్టిగా ఉంటుంది, పక్కది మెత్తబడుతుంది, ఇంకోటి గట్టిదనం ఎక్కువై పెళుసుగా పగులుతుంది. సగటు తీస్తే అన్నీ పాసే. కానీ తూటా మంచి ప్లేటు చూసుకుని తగలదు కదా! ఒకసారి మా దగ్గర ఒక లాట్‌లో, అంటే ఒకే విడతలో తయారైన సరుకులో, మూడు శాంపిళ్లు తప్పాయి. "మిగతావి బాగానే ఉన్నాయిగా, స్టాంపు వేసేయండి" అన్నారు పైవాళ్లు. వేశాను. అది కవచానికి పోయే ఉక్కు కాదు గనక ఇప్పటికీ నిద్రపడుతోంది.

జపాన్ వాళ్లు స్టాంపు వేయలేదు. అంతటితో ఆగకుండా, మిత్సుబిషి బండినీ ఫిన్లాండ్ పాట్రియా కంపెనీ వారి ఏఎంవీ అనే బండినీ పోటీకి పెట్టి, 2022 డిసెంబరులో పాట్రియాను ఎంచుకున్నారు. సొంత దేశపు కంపెనీ ఓడిపోయింది. ఇప్పుడు దాన్ని లైసెన్సు మీద తయారుచేసేది జపాన్ స్టీల్ వర్క్స్.

అలాగని వాళ్లను ఆకాశానికెత్తడం లేదు. తప్పు వాళ్ల విధానంలోనూ ఉంది. దాదాపు ఇరవై ఏళ్లలో కొన్న టైప్ 96లు నాలుగు వందలు కూడా ఉండవు. 2014 దాకా ఆయుధాల ఎగుమతి మీద ఇంచుమించు నిషేధమే. ఏడాదికి ఇరవై బండ్ల ఆర్డరు కోసం ఏ కంపెనీ మాత్రం మంచి మనుషుల్నీ యంత్రాల్నీ కేటాయించి పెడుతుంది? 2019లో కొమాట్సు ఇక కొత్త కవచ వాహనాల జోలికి రానని తప్పుకుంది. చేయి తిరిగిన పనివాళ్లు ఒకసారి చెదిరిపోతే మళ్లీ పోగవరు.

ఈ మాట మనకూ తగులుతుంది. మన సైనికుల్ని మోసే బీఎంపీ-2 కవచ బండ్లు తయారయ్యేది మన సంగారెడ్డి పక్కన ఎద్దుమైలారంలోనే. అర్జున్ ట్యాంకుకు కాంచన్ కవచం రూపొందించింది హైదరాబాద్‌లోని రక్షణ లోహాల పరిశోధనశాల డీఎంఆర్ఎల్. ఎనిమిది చక్రాల బండిని డీఆర్డీవో, టాటా కలిసి చేశాయి కూడా. ప్రతి ప్రారంభోత్సవంలోనూ "స్వదేశీ" అన్న మాటే వినిపిస్తుంది. రిజెక్టయిన ప్లేట్ల సంగతి ఎవరూ ఎత్తరు. డిజైన్ రహస్యాలు అడగడం లేదు. ఎన్ని లాట్లు పరీక్షకు వచ్చాయి, ఎన్ని వెనక్కి పోయాయి, ఈ రెండు అంకెలు రక్షణ శాఖ ఏటా పార్లమెంటు ముందు పెడితే చాలు. మీ విలేకరులు కూడా కొబ్బరికాయ కొట్టే ఫొటోతో సరిపెట్టుకోకుండా, అక్కడి తనిఖీ విభాగం వాళ్లను ఒక్క ప్రశ్న అడగాలని నా మనవి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్,
పటాన్‌చెరు