గ్రామసభ మా కొండ మీదికి రావాలి

సంపాదకులకు నమస్కారం.

మన్యంలో గ్రామసభలు జోరుగా జరుగుతున్నాయని పేపర్లో తరచూ చూస్తున్నాను. కొండ మీది ఊరికి ఆ సభ ఎలా చేరుతుందో నాలుగు ముక్కలు రాద్దామనిపించింది.

మాది పాడేరు వైపు ఓ శివారు ఊరు. ఎకరంన్నర కాఫీ, సిల్వర్ ఓక్ చెట్లకు పాకించిన మిరియాలు, కొంచెం రాజ్‌మా. ఇవి కాక అడవి నుంచి అడ్డాకులు, కొండచీపుర్లు, చింతపండు. గ్రామసభేమో పంచాయతీ కేంద్రంలో పెడతారు. కొండ దిగి వెళ్లొస్తే ఆ రోజు పని పోయినట్టే, కాబట్టి ఎవరూ వెళ్లరు. తర్వాత రిజిస్టరే సంతకొస్తుంది. ఉల్లిపాయలు తూయించుకుంటుంటే పిలిచి, "ఇక్కడో వేలిముద్ర వెయ్యి బావా" అంటారు. ఏం తీర్మానించామో చదివి వినిపించరు. మేమూ అడగం. జీపు వెళ్లిపోతుందేమోనని మా టెన్షన్ మాది.

గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో తెచ్చిన పెసా చట్టం ప్రకారం చిన్న ఆవాసమైనా ఊరే, దానికి సొంత గ్రామసభ ఉండొచ్చు. అటవీ హక్కుల నిబంధనలను 2012లో సవరించి, సభకు కనీసం సగం మంది హాజరు కావాలని, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలని పెట్టారు. అడ్డాకులు కోసేది, చీపుర్లు కట్టేది ఎక్కువగా ఆడవాళ్లే. సంతలో సంతకాలు పెట్టేది మాత్రం మగవాళ్లం!

అడవి భూములకు వ్యక్తిగత పట్టాలు వచ్చాయి, కాదనను. ఊరందరి పేరిట అడవి హక్కు కోసం పెట్టుకున్న దరఖాస్తు ఏ బీరువాలో ఉందో తెలియదు. మహారాష్ట్రలో మెండా లేఖా ఊరు 2009లో ఆ హక్కు సాధించి, తన వెదురు తానే అమ్ముకుంది. కేరళ వాళచ్చాల్ అడవుల్లో కాడర్ గిరిజనులకు 2014లో ఆ హక్కు పత్రాలు అందాయి. మాకెందుకు రాలేదో చెప్పేవాళ్లయినా ఉండాలి కదా.

పైగా 2025లో అరకు ప్రాంతం కాఫీ తోటల్లో కాయ తొలిచే పురుగు కనబడింది. నేను రాలిన కాయలు ఏరి శుభ్రం చేసుకున్నా, పక్క తోటలో చెట్టు మీద ఎండిన కాయలు వదిలేస్తే పురుగు నా తోటకే వస్తుంది. ఎవరి తోట ఎప్పుడు ఏరాలి, ముసలివాళ్ల తోటలకు ఎవరు సాయం వెళ్లాలి అన్నది ఊరంతా కూర్చుని తేల్చుకోవాల్సిన పని. కరపత్రం పంచితే అయ్యేది కాదు.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒక్కరోజే సభలు పెట్టిన ప్రభుత్వానికి శివారు ఊళ్లకు రావడం కష్టమా? కాఫీ కోతలు మొదలయ్యేలోపు, పొద్దువాలాక, మా ఊళ్లోనే సభ పెట్టండి. కుర్చీలు లేకున్నా ఫర్వాలేదు. తీర్మానం చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోండి.

– ఒక కాఫీ రైతు,
అల్లూరి సీతారామరాజు జిల్లా