గాలం ఈగకు అడవికోడి ఈక ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

సరదాకు చేపలు పట్టేవారి గురించి మీ పత్రికలో వచ్చిన కథనం చదివి సంతోషించాను. కొక్కేనికి ఈకలు, దారం చుట్టి ఎరగా పురుగు రూపం, అంటే ‘ఈగ’ను, కట్టే ఫ్లై టైయింగ్ పని అందులో ప్రస్తావనకు వచ్చింది గాని, ఆ ఈకలు ఏ పక్షివన్న మాట రాలేదు. పన్నెండేళ్లుగా మలక్‌పేటలోని మా ఇంట్లో ఈ పని చేస్తున్నవాణ్ణి కనుక రాస్తున్నాను.

ఇందుకు కావలసిన ఈకల్లో చాలావరకు పెంపుడు పక్షులవే. నీటిపై తేలే ఈగకు కోడిపుంజు మెడ ఈక వాడతాం. దాని పోగులు బిరుసైనవి కాబట్టి, ఈకను కొక్కెం చుట్టూ తిప్పి కట్టినప్పుడు అవి నలువైపులా నిక్కబొడుచుకొని నీటి పైపొర మీద నిలుస్తాయి. పెట్ట ఈక మెత్తన, తడిని పీలుస్తుంది, కాబట్టి మునిగే ఈగలకు అది సరిపోతుంది. బాతు తోక మొదట్లో నూనె గ్రంథి చుట్టూ ఉండే చిన్న ఈకలైతే గాలి బుడగలను పట్టి ఉంచుతాయి. పుంజులను ఈకల రంగును బట్టి డేగ, కాకి, సేతువ అని గుర్తుపట్టే మనవాళ్లకు ఈ ఈకల ఎంపిక కొత్త విద్యేమీ కాదు.

నా బాధంతా అడవికోడి గురించే. నిరుడు చలికాలంలో పాతబస్తీలో ఒక వ్యాపారి ఆ పుంజు మెడ తోలును కాగితంలోంచి తీసి చూపించాడు. ఒక్కో ఈక చివర లక్క చుక్క పెట్టినట్టు పసుపుపచ్చని మెరుపు. వేలితో తాకితే గోరులా గట్టిగా తగిలింది. దక్షిణ భారత అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి పుంజుకే ఈ చుక్కలుంటాయి. సాల్మన్ చేపలను పట్టే ఈగలకు కన్నుల్లా అమర్చడానికి విదేశాల్లో వీటిని ఎప్పటినుంచో కోరుకుంటున్నారు. బ్రిటన్‌లో పెంపకపు పక్షుల ఈకలు దొరుకుతాయి. ఇక్కడ కాగితంలో చుట్టి చాటుగా అమ్మేది మాత్రం అడవిలో చంపిన పక్షిదే అయి ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ వేట, ఆ అమ్మకం రెండూ నేరాలే. నేను కొనలేదు గాని, నా కళ్లముందే మరొకరు కొన్నారు.

ఈ మోజు ఎంతదూరం పోతుందో 2009లో ఇంగ్లండ్‌లోని ట్రింగ్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో తెలిసింది: ఈగల ఈకల కోసమే ఒక విద్యార్థి 299 పక్షి చర్మాలను దొంగిలించాడు.

అడవికోడి ఈకకు బదులు నల్లకోడి ఈకపై తెలుపు, పసుపు చుక్కలు పెట్టి వార్నిష్ పూసి నేను కట్టిన ఈగలకు మా ఊరి చెరువులో కొర్రమీనులు పడుతూనే ఉన్నాయి. అటవీ అధికారులు ఈక దుకాణాలను తనిఖీ చేయాలి. తోటి గాలగాళ్లు కూడా కొనేముందు అది ఏ పక్షి ఈకో, ఎక్కడిదో అడగాలి. జవాబు రాకపోతే ఆ దుకాణానికి మళ్లీ వెళ్లకూడదని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్