పైలట్ల సంఘం చందా మానేసిన నాకు అండగా నిలిచిన పెద్దలకు కృతజ్ఞతలు

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

గత సోమవారం మధ్యాహ్నం నా పాత సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం, అంటే మేమంతా ఎన్‌ఓసీ అనే కాగితం, నా చేతికి వచ్చింది. నోటీసు గడువు ఇంకా ఏడు వారాలు ఉండగానే అది రావడానికి ముగ్గురు కారకులు. నలుగురి ముందూ వారికి కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. తమ పేర్లు రాయవద్దని ముగ్గురూ గట్టిగా చెప్పారు కనుక పేర్లు లేకుండానే రాస్తున్నాను.

నేను ఒక విమాన సంస్థలో ఆరేళ్లు కో-పైలట్‌గా పనిచేశాను. మరో చోట ఉద్యోగం ఖాయమయ్యాక రాజీనామా ఇచ్చాను. 2017లో డీజీసీఏ, అంటే పౌర విమానయానాన్ని నియంత్రించే కేంద్ర ప్రభుత్వ సంస్థ, సవరించిన నిబంధన ప్రకారం కో-పైలట్ అయితే ఆరు నెలలు, కమాండర్ అంటే విమానం బాధ్యత వహించే ప్రధాన పైలట్ అయితే ఏడాది ముందుగా నోటీసు ఇవ్వాలి. పాత సంస్థ ఎన్‌ఓసీ ఇవ్వనిదే కొత్త సంస్థ చేర్చుకోదు. నోటీసు మొదలైన రెండో నెలలో నా జీతంలో దాదాపు మూడో వంతు కోసేశారు. మూడో నెల రోస్టర్‌లో, అంటే ఎవరు ఏ విమానం నడపాలో చెప్పే విధుల పట్టికలో, నా పేరే లేదు. ఎన్నిసార్లు అడిగినా "పరిశీలనలో ఉంది" అన్న ఒక్క వాక్యమే జవాబుగా వచ్చేది. రోస్టర్‌లో పేరు లేకపోతే పోయేది ఎగిరిన గంటలకు వచ్చే భత్యం ఒక్కటే కాదు. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేయని పైలట్ ప్రయాణికులతో విమానం నడపడానికి వీల్లేదు, ముందు ఆ లోటు తీర్చుకోవాలి. ఆ 90 రోజులను నేను క్యాలెండర్‌లో కొట్టివేసుకుంటూ కూర్చున్నాను. శిక్షణ కోసం తీసుకున్న బ్యాంకు రుణం వాయిదా మాత్రం ప్రతి నెలా ఐదో తేదీన ఠంచనుగా ఖాతాలోంచి పోయేది.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. అప్పటికి పద్నాలుగు నెలల ముందే నేను పైలట్ల సంఘానికి చందా కట్టడం మానేశాను. నెలకు ఆరు వందల రూపాయలు నాకు భారమేమీ కాదు. ఏడాదికొక సమావేశం, అందులో రెండు ఉపన్యాసాలు, ఒక సమోసా, దీనికి డబ్బెందుకని నా వాదన. అదే మాట ఇంట్లో అన్నప్పుడు మా నాన్నగారు "ఏటిరా, చందా కట్టడం మానీసినావా?" అని ఒక్కసారి అడిగి ఊరుకున్నారు. ఆయన జూట్ మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశారు. ఆయన కట్టిన యూనియన్ చందా రసీదులు మా వంటింటి గోడకు కొక్కెంలా వంచిన తీగకు గుచ్చి ఇప్పటికీ ఉన్నాయి. అడుగున ఉన్నవి పసుపురంగుకు తిరిగి, అంచులు పొడిపొడిగా రాలుతుంటాయి. అవి ఎందుకు దాస్తారో నేనెప్పుడూ అడగలేదు.

నా సంగతి తెలిసి మొదట ఫోన్ చేసినవారు పాలకొండకు చెందిన ఒక సీనియర్ కమాండర్, సంఘం కార్యవర్గంలో ఉన్నవారు. సెలవుపై వచ్చి నన్ను అయ్యకోనేరు గట్టు మీద కలిశారు. నేను సభ్యుడినా కాదా అని ఆయన అడగలేదు. నియామక పత్రం, రాజీనామా అందినట్టు వచ్చిన ఈ-మెయిల్, చివరి నాలుగు నెలల జీతం స్లిప్పులు తెచ్చావా అని అడిగారు. తర్వాత తన సంచిలోంచి ఆ నిబంధన ప్రతిని తీసి ఒక పేరా కింద పెన్సిల్‌తో గీత గీశారు. నోటీసు కాలంలో పైలట్ తనకు అప్పగించిన విధులను నిరాకరించకూడదనీ, అలాగే సంస్థ కూడా విధుల కేటాయింపులో అతని న్యాయమైన హక్కులను హరించకూడదనీ, జీతం తగ్గించినా ఉద్యోగ షరతులను అతనికి నష్టం కలిగేలా మార్చినా గడువు ముగియకముందే విడుదల కోరే స్వేచ్ఛ అతనికి ఉంటుందనీ అందులో ఉంది. ఆ నిబంధనను నేను అంతకుముందు రెండుసార్లు చదివాను. రెండుసార్లూ "ఆరు నెలలు" అన్న మాట దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి.

రెండోవారు శ్రీకాకుళంలో వృత్తి నుంచి విరమించిన న్యాయవాది. నేను కోపంతో రాసుకెళ్లిన నాలుగు పేజీల లేఖను చదివి, విశేషణాలన్నీ కొట్టేసి, తేదీలు, అంకెలు, నిబంధన పేరా మాత్రమే మిగిల్చి ఒక్క పేజీ చేశారు. ఫీజు మాట ఎత్తితే టీ తాగి వెళ్లమన్నారు. మూడోవారు కార్మిక శాఖలో పనిచేసి విరమించిన మా వీధి బాబాయిగారు. ఏ కాగితం ఎవరికి పంపినా అందినట్టు రుజువు లేకుండా పంపవద్దని, రిజిస్టర్డ్ పోస్టు కోసం స్వయంగా నన్ను పోస్టాఫీసుకు తీసుకెళ్లారు. లేఖ అందిన మూడు వారాలకు ఎన్‌ఓసీ వచ్చింది.

ఈలోగా చాలామంది ఇచ్చిన సలహా ఒక్కటే, సిఫారసు చేయించుకోమని. అలా అనడానికి మన రెండు జిల్లాల వారికి కారణం ఉంది. 2014 నుంచి 2018 వరకు పౌర విమానయాన మంత్రిగా మన విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు గారు ఉన్నారు, 2024 నుంచి శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు ఉన్నారు. ఆ సలహా విని కమాండర్ గారు నవ్వి, రాసి ఉన్న హక్కుకు సిఫారసెందుకన్నారు.

చందా దండగా కాదా అని ఇద్దరు ముగ్గురు జూనియర్లు నన్ను అడిగారు కనుక నా అభిప్రాయం చెబుతాను. అమెరికాలో 1931లో ఏర్పడిన ఎయిర్‌లైన్ పైలట్ల సంఘం సభ్యుల నుంచి వేతనంలో 1.85 శాతం తీసుకుంటుంది. లక్ష రూపాయలకు లెక్కవేస్తే అది 1,850 రూపాయలు. అక్కడ రైల్వే కార్మిక చట్టాన్నే 1936లో విమాన సంస్థలకూ వర్తింపజేశారు. ఆ చట్టం కింద గుర్తింపు పొందిన సంఘం జీతాల ఒప్పందాన్నే కుదురుస్తుంది కనుక చందాకు ఫలితం జీతం స్లిప్పులోనే కనిపిస్తుంది. మన దగ్గర సభ్యత్వం ఇష్టపూర్వకం, జీతాల విషయంలో సంఘం మాట చెల్లుతుందన్న నమ్మకం లేదు. జీతం పెరుగుతుందని చందా కట్టేవారు నిరాశపడతారు, ఈ మాట దాచడం నాకిష్టం లేదు. అయితే పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లాకే, వారానికి 36 గంటలుగా ఉన్న విశ్రాంతి 48 గంటలకు పెంచిన నిబంధన 2025 జూలై 1 నుంచి అమలుకు వచ్చింది. చందా మానేసిన నాకూ ఆ పన్నెండు గంటల నిద్ర దక్కింది. ఎవరి డబ్బుతో వకీళ్లను పెట్టారో అప్పుడు నేను ఆలోచించలేదు.

పాతపట్నం నుంచి 1952లో గెలిచి కేంద్ర కార్మిక మంత్రి అయిన వి.వి. గిరి గారు రైల్వే కార్మిక సంఘాలలో పనిచేసి వచ్చినవారని నాన్నగారు తరచూ చెబుతుంటారు. ఇన్నాళ్లూ దాన్ని పాతకాలపు కబురుగానే విన్నాను.

పద్నాలుగు నెలల బకాయి 8,400 రూపాయలు మొన్న కట్టాను. అక్కర్లేదు, కొత్తగా చేరితే చాలన్నారు కానీ నాకు మనసొప్పలేదు. కట్టేటప్పుడే ఒక విన్నపమూ రాసి ఇచ్చాను: ఏడాది జమాఖర్చులు సభ్యులకు పంపాలని, ఎవరైనా చందా మానేస్తే ఒక్క ఫోనైనా చేసి కారణం అడగాలని. పద్నాలుగు నెలల్లో నన్ను ఎవరూ అడగలేదు, అది సంఘం లోపమే.

కోసిన జీతం ఇంకా రాలేదు, దానికి వేరే లేఖ నడుస్తోంది. ఆ నిబంధనలోని పేరాను తెలుగులో రాసి ప్రతులు తీయించాను. నోటీసులో ఉన్న మన ప్రాంతపు పిల్లలెవరైనా కావాలంటే, వచ్చే నెల ఒకటిన కొత్త ఉద్యోగంలో చేరేదాకా నేను విజయనగరంలోనే ఉంటాను. వచ్చేటప్పుడు జీతం స్లిప్పులు తెచ్చుకోండి.