మీ పేరుతో వచ్చిన వైరస్ మెయిల్‌కి మా ఆటగాళ్ళ అకౌంట్లు ఎందుకు మూశారు?

శ్రీకాకుళం

ఆన్‌లైన్ గేమ్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: మీ టోర్నమెంట్ మెయిల్ రూపంలో వచ్చిన వైరస్, దానివల్ల నష్టపోయిన ఆటగాళ్ళ మీదే మీరు వేసిన శాశ్వత బ్యాన్‌లు, వాటిని ఎత్తివేయమని కోరడం గురించి.

ఆర్యా,

నేను శ్రీకాకుళంలో ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. మీ ఆట ఆడే మా జిల్లా కుర్రాళ్ళు, అమ్మాయిలు కలిసి పెట్టుకున్న గిల్డ్‌ని కూడా నేనే చూసుకుంటున్నాను. మీ సపోర్ట్ విభాగానికి రాసిన ప్రతిసారీ ఒకటే ఆటో రిప్లై వస్తోంది: మీ అకౌంట్ మా నియమాలను ఉల్లంఘించింది, ఈ నిర్ణయం మారదు అని. రాసినదాన్ని ఒక మనిషి చదివిన గుర్తు ఎక్కడా లేదు. అందుకే ఈసారి నేరుగా మీకు రాస్తున్నాను.

వైరస్ పంపింది మీరు కాదని నాకు తెలుసు. కానీ మీ పేరు పెట్టుకుని ఎవరైనా మెయిల్ పంపగలిగే పరిస్థితిని మీరు అలాగే వదిలేశారు. ఆ మెయిల్ వల్ల దెబ్బతిన్న పిల్లల్ని మోసగాళ్ళని ముద్ర వేసి బయటికి నెట్టారు. మొదటిది నిర్లక్ష్యం. రెండోది అన్యాయం. ఈ ఉత్తరం ఎక్కువగా ఆ రెండోదాని కోసమే.

రథసప్తమి వారంలో అరసవల్లికి వచ్చే భక్తులతో మా ఊరు నిండిపోతుంది. బయట ఊళ్ళలో పనిచేసుకునే మావాళ్ళు కొందరు ఇంటికి వస్తారు. అదే వారంలో మీ టోర్నమెంట్‌కి పేర్లు ఇవ్వడానికి గడువు పెట్టారు. పేర్లు ఇచ్చిన మర్నాడే మావాళ్ళకి మీ పేరుతో మెయిల్ వచ్చింది. మీ లోగో, మీ రంగులు, కింద మీ ఆఫీసు అడ్రస్, పంపినవారి చోట మీ డొమైన్, అంటే మీ వెబ్‌సైట్ పేరే. ఒక్క అక్షరం తేడా లేదు. టోర్నమెంట్ కిట్ జతచేశాం, రేపటిలోగా తెరిచి టీమ్ ఫారం నింపకపోతే మీ స్లాట్ రద్దవుతుంది అని ఉంది. జతచేసింది పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైలు. ఆ పాస్‌వర్డ్ కూడా మెయిల్‌లోనే ఇచ్చారు. పాస్‌వర్డ్ ఉన్న జిప్‌లో ఏముందో మెయిల్ సర్వీసుల వైరస్ స్కానర్లు మామూలుగా చూడలేవు, అందుకే వైరస్ పంపేవాళ్ళు ఈ పద్ధతి ఎంచుకుంటారు. లోపల పీడీఎఫ్ గుర్తుతో ఒక ఫైలు ఉంది. విండోస్ మనం సెట్టింగ్ మారిస్తే తప్ప ఫైలు రకం చెప్పే చివరి అక్షరాలను చూపించదు. కాబట్టి అది పీడీఎఫ్ కాదనీ, నొక్కగానే నడిచే ఈఎక్స్‌ఈ ఫైలనీ తెరిచేవాళ్ళకి కనబడదు.

ఇది కొత్త ఎత్తు కాదు. 2000 మే నెలలో ఫిలిప్పీన్స్ నుంచి బయల్దేరిన ఐ లవ్ యూ వైరస్ ఇలాగే అసలు రకాన్ని దాచుకుని మామూలు టెక్స్ట్ ఫైలులా కనిపించింది. తెరిచినవాళ్ళ అవుట్‌లుక్ అడ్రస్ బుక్‌లో ఎవరుంటే వాళ్ళందరికీ తనంతట తానే వెళ్ళిపోయింది. అంతకు ముందు ఏడాది, 1999 మార్చిలో, మెలిస్సా అనే వైరస్ వర్డ్ ఫైల్లో దూరి అడ్రస్ బుక్‌లోని మొదటి 50 మందికి చేరింది. పాతికేళ్ళుగా అందరికీ తెలిసిన ఈ పద్ధతి మీ సెక్యూరిటీ విభాగానికి తెలియదంటే నేను నమ్మను.

మా పిల్లలు ఏదో ఉచితంగా వస్తుందన్న ఆశతో ఫైలు తెరిచారని మీ జవాబుల్లో ఒకచోట ఉంది. ఆ మాట వెనక్కి తీసుకోండి. కిందటి సీజన్‌లో రూల్ బుక్‌ని జిప్ ఫైలుగా మెయిల్‌లో పంపింది మీరే. మీ దగ్గర నుంచి ఫైలు వస్తే తెరవాలన్న అలవాటు మీరే చేశారు.

ఫైలు తెరిచిన సిస్టమ్‌లలో బ్రౌజర్ గుర్తుపెట్టుకున్న పాస్‌వర్డ్‌లతో పాటు లాగిన్ కుకీలు, అంటే మళ్ళీ పాస్‌వర్డ్ అడగకుండా లోపలికి రానిచ్చే గుర్తులు, కూడా పోయాయి. కుకీ దొంగ చేతికి వెళ్తే ఓటీపీ పెట్టుకున్నా ఉపయోగం లేదు, ఎందుకంటే మీ సర్వర్ లెక్కలో అతను ఎప్పుడో లాగిన్ అయిన మనిషే. ఆ రాత్రి మావాళ్ళ అకౌంట్ల నుంచి స్కిన్‌లు (ఆటలోని వేషాలు), కాయిన్లు ఎవరెవరికో బదిలీ అయిపోయాయి. గిల్డ్ ఖజానా ఖాళీ అయింది. తర్వాత వాళ్ళ మెయిల్ అకౌంట్ల నుంచి, పాత సంభాషణలకి జవాబులా, అదే జిప్ మిగతావాళ్ళకి చేరింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు పంపితే మావాళ్ళు తెరవరు. మొన్నటి మ్యాచ్ గురించి తాను రాసిన మెయిల్ కిందే స్నేహితుడి పేరుతో జవాబు వస్తే ఎవరికి అనుమానం వస్తుంది? ఎమోటెట్ అనే వైరస్ ఇలాగే దేశదేశాలు పాకింది. చివరికి 2021 జనవరిలో చాలా దేశాల పోలీసులు కలిసి దాని సర్వర్లను పట్టుకోవాల్సి వచ్చింది.

"నువ్వు పంపినావేటన్నా ఈ మెయిలు?" అని నరసన్నపేట అబ్బాయి ఆమదాలవలస అబ్బాయిని అడిగాడు. గిల్డ్‌లో తగువు అక్కడ మొదలైంది. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్ళు, ఇప్పుడు మాటల్లేవు. ఖజానా తాళం ఎవరి దగ్గర ఉంది, ఎవరు కావాలని చేశారు అని రోజుల తరబడి గొడవలు. మా జట్టులో అందరికన్నా చురుగ్గా ఎత్తులు వేసే టెక్కలి అమ్మాయి ఇంట్లో సిస్టమ్ తీసేశారు. వాళ్ళ నాన్నగారిని నేను తప్పుపట్టలేను. ఆన్‌లైన్ గేమ్ అంటే మా దగ్గర చాలా ఇళ్ళలో రమ్మీ, బెట్టింగ్ అనే అర్థం. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బులు ఒడ్డి ఆడే ఆటల్ని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ని వేరుగా గుర్తించింది. ఆ తేడా ఇంటింటికీ చెప్పి ఒప్పించడానికి నేను చాలా కష్టపడ్డాను. ఇప్పుడు అదే ఇళ్ళకి వెళ్ళి ఏం చెప్పను?

ఒక ఆట గురించి ఇంత బాధ దేనికని మీకు అనిపించవచ్చు. మా జిల్లా నుంచి పొట్టకూటికి బయటికి వెళ్ళే కుటుంబాలు ఎక్కువ. చెన్నైలో షిఫ్ట్ దిగిన అన్నయ్య, ఇచ్ఛాపురంలో ఇంటర్ చదివే తమ్ముడు రాత్రిపూట కాసేపు కలిసేది మీ ఆటలోనే. ఫోన్లో అయితే బాగున్నావా, తిన్నావా అన్నాక మాట సాగదు. ఆటలో సాగుతుంది. మీ రికార్డుల్లో అవి బ్యాన్ అయిన అకౌంట్లు. మాకు ఆ అన్నదమ్ముల మధ్య మాట ఆగిపోయింది.

మా వైపు నుంచి చేయగలిగింది చేశాం. అనుమానం రాగానే సెంటర్‌లోని అన్ని సిస్టమ్‌లకీ నెట్ కేబుళ్ళు తీసేశాను. వైరస్ తగలని ఫోన్ల నుంచి పాస్‌వర్డ్‌లు మార్పించాను, అందులోనూ ముందు మెయిల్ పాస్‌వర్డ్. మెయిల్ దొంగ చేతిలో ఉంటే మిగతావన్నీ అక్కడి నుంచే రీసెట్ చేసుకోగలడు. కొందరి మెయిల్ సెట్టింగుల్లో వాళ్ళకి తెలియకుండా పెట్టిన ఫార్వర్డింగ్ అడ్రసులు ఉన్నాయి, వెతికి తీసేశాం. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వారి సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచితంగా ఇచ్చే టూల్స్‌తో సిస్టమ్‌లు శుభ్రం చేశాం. అప్పటికీ ధైర్యం చాలక అన్నిటినీ ఫార్మాట్ కొట్టించాను. ఉద్యోగాలకి దరఖాస్తు పెట్టుకోడానికి, హాల్ టికెట్లు తీసుకోడానికి నా సెంటర్‌కి వచ్చేవాళ్ళు అన్నాళ్ళూ వెనక్కి తిరిగి వెళ్ళారు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేశాం. ఇప్పుడు మా గిల్డ్‌లో ఎవరి నుంచి ఫైలు వచ్చినా సరే, ఫోన్ చేసి గొంతు విన్నాకే తెరుస్తున్నారు.

ఇక మీ చేతిలో ఉన్నవాటి సంగతి. మా గిల్డ్‌లో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు ఆ మెయిల్ హెడర్, అంటే అది ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో చెప్పే వివరాలు, తీసి చూపించాడు. మెయిల్ నిజంగా ఆ డొమైన్ వాళ్ళే పంపారా అని చూసే మూడు పరీక్షల ఫలితాలు అందులో ఉన్నాయి. ఎస్‌పీఎఫ్ ఫెయిల్, డీకిమ్ సంతకం లేదు, డీమార్క్ ఫెయిల్. అంటే ఆ మెయిల్ మీ దగ్గర నుంచి రాలేదని అందుకున్న సర్వర్‌కి తెలిసిపోయింది. తెలిసీ ఇన్‌బాక్స్‌లోకి ఎందుకు రానిచ్చింది? మీ డొమైన్ డీమార్క్ రికార్డు ఎవరైనా చూడొచ్చు, మేమూ చూశాం. అందులో పాలసీ 'నన్' అని ఉంది. అంటే మా పేరుతో దొంగ మెయిల్ వస్తే ప్రత్యేకంగా ఏమీ చేయనక్కర్లేదని మీరే మెయిల్ సర్వర్లన్నిటికీ చెప్పిపెట్టారు. అక్కడ 'రిజెక్ట్' అని ఉంటే, ఆ మాట పాటించే సర్వీసులు ఈ మెయిల్‌ని తీసుకోకుండా తిప్పికొట్టేవి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ అకౌంట్లకి రోజుకి 5000కి పైగా మెయిళ్ళు పంపేవాళ్ళు డీమార్క్ పెట్టి తీరాలని గూగుల్ నియమం తెచ్చింది. ఆ నియమానికి 'నన్' సరిపోతుంది, మీరు అక్కడితో ఆగిపోయారు. రిజెక్ట్ పెట్టినా, ఒక అక్షరం మార్చిన నకిలీ డొమైన్లతో పంపేవాళ్ళు ఉంటారు, నిజమే. మాకు వచ్చింది మాత్రం అలాంటిది కాదు, అచ్చంగా మీ డొమైనే.

ఇంకో సంగతి. మావాళ్ళలో ఒకరు మీ ఆట కోసమే విడిగా మెయిల్ ఐడీ తెరిచారు. దాన్ని మరెక్కడా ఇవ్వలేదు. వైరస్ మెయిల్ దానికీ వచ్చింది, అదీ టోర్నమెంట్‌కి పేరు ఇచ్చిన మర్నాడే. కాబట్టి అడ్రసుల జాబితా మీ దగ్గర నుంచో, మీ తరఫున మెయిళ్ళు పంపే ఏజెన్సీ నుంచో బయటికి పోయిందని మా అనుమానం. ఇలాంటివి గమనించిన 6 గంటల్లో తెలియజేయాలని, లాగ్‌లు (సర్వర్‌లో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు) 180 రోజులు దాచాలని 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఆదేశాలిచ్చింది. మీరు తెలియజేశారా? లేదని చెప్పినా సరే, మాకు జవాబు కావాలి. ఆ వారం లాగ్‌లు ఏవీ చెరిపేయవద్దని ఈ ఉత్తరం ద్వారా కోరుతున్నాను.

బ్యాన్‌ల విషయం. మావాళ్ళు పాస్‌వర్డ్ మార్చాక కూడా దొంగ లోపలే ఉన్నాడు. లాగిన్ హిస్టరీలో వేరే దేశం నుంచి తెరిచిన సెషన్ అలాగే నడుస్తోంది. పాస్‌వర్డ్ మారితే పాత సెషన్‌లన్నీ మూసేయాలి, మీ సర్వర్ ఆ పని చేయలేదు. అతను ఆ అకౌంట్లతో అందరికీ లింకులు పంపుతుంటే మీ సాఫ్ట్‌వేర్ స్పామ్ అని పసిగట్టి బ్యాన్ వేసింది. ఆ క్షణానికి అది మంచి పనే, ఇంకా చాలామంది దెబ్బతినకుండా ఆగింది. కానీ తర్వాత ఒక మనిషి చూడాలి కదా. రోజూ శ్రీకాకుళం నుంచి ఆడే అకౌంట్ ఒక అర్ధరాత్రి పరాయి దేశం నుంచి తెరుచుకుని, ఉన్నదంతా ఎవరికో ఇచ్చేసి, తెలిసినవాళ్ళందరికీ లింకులు పంపితే ఏం జరిగిందో అర్థం చేసుకోడానికి పెద్ద విచారణ అక్కర్లేదు. ఇంట్లో దొంగలు పడ్డారని చెప్పడానికి వెళ్ళినవాణ్ణే స్టేషన్‌లో కూర్చోబెట్టినట్టుంది మీ తీరు.

పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేసే ఒక తల్లి తన కొడుక్కి పుట్టినరోజుకని సీజన్ పాస్ కొనిచ్చింది. ఆ పిల్లాడికి మీరు పంపిన మెయిల్‌లో 'మోసపూరిత ప్రవర్తన' అని రాశారు. దాన్ని ఫోన్లో చూపిస్తూ "నానేటి సేసినానన్నా?" అని నన్ను అడిగాడు. వాడు ఏమీ చేయలేదు. ఆ సంగతి వాడికి నేను చెప్తే చాలదు, మీరు చెప్పాలి.

అందుకని ఆ వారంలో బ్యాన్ చేసిన మా గిల్డ్ అకౌంట్లన్నిటినీ ఒక మనిషి చేత తిరిగి పరిశీలింపజేసి, మోసపూరిత ప్రవర్తన అన్న మాటను రికార్డు నుంచి తీసేసి, తప్పు మాది కాదని మీ నుంచి లిఖితపూర్వకంగా ప్రతి ఒక్కరికీ తెలియజేయండి. పోయిన వస్తువులు ఎవరి అకౌంట్‌కి వెళ్ళాయో మీ దగ్గర లెక్క ఉంటుంది, వాటిని వెనక్కి ఇప్పించండి. డీమార్క్ పాలసీని రిజెక్ట్‌కి మార్చండి. మీ నిజమైన మెయిళ్ళు ఆగిపోతాయన్న భయం ఉంటే ముందు క్వారంటైన్ (అనుమానం ఉన్న మెయిళ్ళని స్పామ్‌లోకి పంపమనే పాలసీ) పెట్టి చూసుకుని తర్వాత మార్చినా ఫర్వాలేదు, కానీ ఎప్పటిలోగా చేస్తారో చెప్పండి. ఇకమీదట మెయిల్‌లో ఫైళ్ళు పంపకండి, ఫారాలు ఏవైనా ఆట లోపలే పెట్టండి. ఇలాంటి వైరస్ తిరుగుతున్నప్పుడు ఆట తెరవగానే కనిపించేలా హెచ్చరిక ఇవ్వండి, అది తెలుగులో కూడా ఉండాలి. మేము తెలుగులోనే ఆడుకుంటాం, డబ్బులు కట్టమనే ప్రకటనలు మీరూ మాకు తెలుగులోనే చూపిస్తున్నారు.

ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలియజేసి, 15 రోజుల్లో పరిష్కరిస్తామని 2021 ఐటీ నియమాల పేరు చెప్పి మీ వెబ్‌సైట్‌లో మీరే రాసుకున్నారు. ఆ గడువు దాకా ఎదురుచూస్తాం. అప్పటికీ ఆటో రిప్లైయే వస్తే, సీజన్ పాస్‌లకి డబ్బులు కట్టిన వినియోగదారులుగా శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేము నివసించే చోటే వేసుకోవచ్చు.

మెయిల్ హెడర్లు, లాగిన్ హిస్టరీ స్క్రీన్‌షాట్లు, సైబర్ క్రైమ్ పోర్టల్ ఇచ్చిన రసీదు, బ్యాన్ అయిన అకౌంట్ల జాబితా, వాటి యజమానుల సంతకాలు, మైనర్ల తరఫున తల్లిదండ్రుల సంతకాలు ప్రింట్ తీసి స్పీడ్ పోస్ట్‌లో మీ రిజిస్టర్డ్ ఆఫీసుకి పంపాను. ఈ ఉత్తరంతో ఏ ఫైలూ జతచేయలేదు. జవాబు నాకే కాకుండా, జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరికీ పంపగలరు.

ఇట్లు,
గిల్డ్ సభ్యుల తరఫున,
గిల్డ్ నిర్వాహకుడు,
శ్రీకాకుళం