అమ్మలూ, నువ్వడిగిన మాట ‘పొందిక’

విశాఖపట్నం,
ఆదివారం.

అమ్మలూ,

మొన్న ఫోన్లో “నాన్నా, హార్మొనీని తెలుగులో ఏమంటారు?” అని అడిగావు. నేను వెంటనే ‘సామరస్యం’ అనేశాను. కొత్త ఇంట్లో గోడల రంగూ, కర్టెన్లూ, సోఫా ఒకదానికొకటి చక్కగా కలిశాయని చెప్పడానికి నీకా మాట కావలసి వచ్చిందని తర్వాత అమ్మ చెప్పింది. అక్కడ సామరస్యం నప్పదు తల్లీ. రెండు రోజులుగా అదే మనసులో మెదులుతుంటే ఇవాళ కాగితం తీశాను.

సామరస్యం మనుషుల మాట. చిన్నప్పుడు నిన్ను పాత పట్నం తీసుకెళ్లినప్పుడు హార్బరు దగ్గర మూడు కొండలు చూపించాను, గుర్తుందా? ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా, మూడోదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. అలాంటి చోటి గురించి చెప్పేటప్పుడు సామరస్యం అనాలి. తగువు పడగలిగేవాళ్లు కలిసి ఉన్నప్పుడే ఆ మాటకు నిండుదనం. సమన్వయం ఆఫీసు మాట, దాన్ని ఇంట్లోకి తేవద్దు.

నీకు కావలసింది పొందిక. ఇది నీకు కొత్త మాటేం కాదు. వంటింటి అరలో పోపుడబ్బా, పప్పుల సీసాలు సర్దేసి, అమ్మ నాలుగడుగులు వెనక్కి వచ్చి చూసుకుని “ఇప్పుడు పొందిగ్గా ఉంది” అనేది. పొందికగా అని రాస్తాం, పొందిగ్గా అని అంటాం. నువ్వు రాసేటప్పుడు కూడా పొందిగ్గా అనే రాసినా నాకిష్టమే. జనం నోట ఉన్న తెలుగు పుస్తకాల్లోకి రావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు మన ఉత్తరాంధ్ర మనిషి. 1863లో ఆయన పుట్టిన రోజు, ఆగస్టు 29, ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం.

పొందికకీ కూర్పుకీ తేడా నాకు ప్రెస్సులో తెలిసింది. చేరిన కొత్తలో ఒక పెళ్లి శుభలేఖ కంపోజ్ చేశాను. ఎడమచేతిలో స్టిక్కు, అంటే వరస పేర్చుకునే చిన్న పట్టీ పట్టుకుని, కేసనే గళ్ల పెట్టెలోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, తలకిందులుగా పేర్చుకుంటూ పోవాలి. వరస బిగువుగా లేకపోతే ఎత్తేటప్పుడు అక్షరాలు రాలిపోతాయి. అందుకని మాటకీ మాటకీ మధ్య ఖాళీ ముక్కలు దూర్చి బిగించాను. ప్రూఫు తీస్తే ఒక్క తప్పు లేదు. మా పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూసి, “కూర్పు బాగుందిరా, పొందిక లేదు” అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన వేలుతో చూపించారు. వధువు పేరుకు ముందు బెత్తెడు ఖాళీ, వరుడి పేరుకు ముందు ఇరుకు. ఒక వరసలోని ఒత్తులు కింది వరస తలకట్లను దాదాపు తాకుతున్నాయి. వరసల మధ్య లెడ్డు అనే పలచటి సీసపు బద్ద ఒకటి పెట్టించి, ఖాళీలు సరిచేయించి, మళ్లీ ప్రూఫు తీయించారు. అక్షరాలు అవే, మాటలు అవే. కాగితం మాత్రం తేటపడింది. కూర్పంటే చేతి పని, ముక్కలన్నీ ఒకచోట చేర్చడం. పొందిక చూసేవాళ్ల కంటికి తెలుస్తుంది. మధ్యలో వదిలిన తెల్లదనం కూడా దాన్లో భాగమే.

అమరిక వేరు. దేని చోటులో అది సరిగ్గా కూర్చోవడం. ముక్కుపుడక నీకు అమరింది అంటాం, పొందింది అనం. పొంతన జాతకాల దగ్గర తప్పితే ‘లేదు’తోనే ఎక్కువ తిరుగుతుంది: చెప్పేదానికీ చేసేదానికీ పొంతన లేదు. పొసగడం కూడా అంతే, వాళ్లిద్దరికీ పొసగదు అనే వింటాం. ఒద్దిక పిల్లలకీ ఆలుమగలకీ. ఒద్దికగా కూర్చోండి, ఒద్దికగా కాపురం చేసుకుంటున్నారు.

వీటన్నిటిలో నాకు ప్రాణమైన మాట కుదురు. మీ నాయనమ్మ నీళ్ల కుండ కింద గడ్డితో చుట్టిన చుట్ట ఒకటి పెట్టేది. దాని పేరు కుదురు. కుండ అడుగు గుండ్రం కదా, అది లేకపోతే నేల మీద నిలవదు. పెళ్లి కుదిరింది, పులుసు కుదిరింది, పిల్లాడు కుదురుగా ఉన్నాడు అన్నప్పుడల్లా నాకు ఆ గడ్డిచుట్టా, దాని మీద ఒరగకుండా కూర్చున్న కుండా కనిపిస్తాయి.

కాబట్టి నీ ఫోటో కింద “మా ఇల్లు పొందిగ్గా కుదిరింది” అని రాయి. రెండు మాటలూ వస్తాయి. మీ అత్తగారిది కడప వైపు కదా, సర్దిన ఇల్లు చూసి ఆవిడ ఏమంటారో గమనించు. ఆ మాట ఆవిడ అన్నది అన్నట్టుగా రాసి నాకు పంపు.

మీ నాన్న